యంత్రమెంత, మనిషి యెంత?

మోటారు బండ్లు ఎంత పెరిగినను, సైకిలు లేని వీధి మన ప్రాంతమున నేటికిని లేదు. తెల్లవాఱకముందే చామంతి గంపను మార్కెట్టునకు చేర్చు రైతును, క్యానులు తగిలించుకొని పాలు పోయువాడును, మూడు నాలుగు కిలోమీటర్ల దూరము నుండి మన పాఠశాలకు వచ్చు బాలబాలికలును దానినే నమ్ముకొనియున్నారు. ప్లస్ ఒన్ తరగతిలో చేరినవారికి తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా నిచ్చు సైకిలు మన యిండ్లలో పెక్కింట కనబడును. ఇంత పరిచితమైన వస్తువును గూర్చి వ్రాయుటకేమున్నదని చదువరులు తలంపవచ్చును. కాని ఐరోపా ఖండమున సైకిలు పందెమే వృత్తిగా బ్రదుకువారి బండ్లను గూర్చి కొంత తెలిసికొన్నచో, మన బండిని మనము చూచు చూపు మాఱును. అంతియే కాదు, మన పాఠశాలకు సంబంధించిన యొక పెద్ద ప్రశ్నకు సమాధానము ఆ కథలో కొంత దొరకునని మేము తలంచుచున్నాము.

రోడ్డు పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రాన్సు దేశపు 'టూర్ ద ఫ్రాన్స్'. 1903వ సంవత్సరమున 'లోటో' అను క్రీడాపత్రిక తన ప్రతులు ఎక్కువగా అమ్ముడుపోవలెనని దీనిని ప్రారంభించెను. దాని సంపాదకుడైన ఆంరీ దేగ్రాంజ్ ఈ పందెమునకు చాలకాలము సర్వాధికారిగా నుండెను. మొదటి యేడు ఆఱు విడతలలో 2,428 కిలోమీటర్లు సాగిన యీ పందెమున మోరిస్ గరాన్ గెలిచెను. అతడు బాల్యమున పొగగొట్టములు తుడిచి పొట్టపోసికొన్నవాడు. రెండు ప్రపంచయుద్ధముల కాలమున తప్ప ఆ పందెము ఏటేట జరుగుచునే యున్నది. ఇప్పుడది ఇరువదియొక్క విడతలుగా మూడు వారములు నడచును. జట్టునకు ఎనిమిదిమంది చొప్పున ఇరువదికి పైగా జట్లు పాల్గొనును. మైదానములును, ఆల్ప్స్ పర్వతములును, పిరనీస్ పర్వతములును దాటి పోవలెను.

తొలినాటి వీరుల బండి ఎట్లుండెను? ఉక్కు గొట్టములతో చేసిన ఫ్రేము, కొయ్య రిమ్ములు, ఒక్కటే గేరు. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల రెండు పళ్ళచక్రము లుండెడివి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. కొండ యెదురైనచో రౌతు బండి దిగి, ఇరుసునకున్న మరలు విప్పి, చక్రమును త్రిప్పి బిగించి, మరల నెక్కవలెను. కొండ దాటిన పిదప మరల దిగవలెను, మరల త్రిప్పవలెను. పంచరైనచో తానే వేసికొనవలెను. అందుకై అదనపు టైర్లను భుజములపై ఎనిమిది అంకె వలె చుట్టుకొని పోయెడివారు. పరుల సాయము పొందిన వానికి శిక్ష తప్పకుండెను. మనుష్యుని సత్తువను పరీక్షింపవలెనే గాని యంత్రముయొక్క గొప్పను కాదని దేగ్రాంజ్ పట్టుదల.

ఆ పట్టుదల ఎంత కఠినమైనదో 1913లో జరిగిన యొక ఉదంతము చెప్పును. యూజీన్ క్రిస్టోఫ్ అను ఫ్రెంచి రౌతు పిరనీస్ పర్వతములలో టూర్మలే కనుమ దిగుచుండగా అతని బండి ముందరి ఫోర్కు విఱిగెను. అప్పటి కతడు గెలుపునకు మిక్కిలి దగ్గఱగా నున్నవాడు. అతడు బండిని మోసికొని, దాదాపు 14 కిలోమీటర్లు నడచి, సాంత్ మరీ ద కంపాఁ అను గ్రామమునకు వచ్చి, అచ్చటి కమ్మరి కొలిమిలో తన చేతులతోడనే ఫోర్కును అతికికొనెను. అధికారులు ప్రక్కన నిలిచి చూచుచునే యుండిరి. రెండు చేతులతో ఇనుము పట్టుకొన్నవాడు కొలిమితిత్తి నెట్లూదగలడు? ఒక చిన్న బాలుడు తిత్తి నూదెను. ఆ చిన్ని సాయమునకు క్రిస్టోఫునకు పది నిమిషముల శిక్ష విధించి, తరువాత దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. గంటలకొలది కాలము పోయిన వానికి మూడు నిమిషము లొక లెక్క గాకపోవచ్చును. ఆ బాలుని సాయమును నేరముగా నెంచుటయే ఇప్పటికిని చదువువారి మనస్సును నొప్పించును. 1919లో పందెమున ముందున్నవానికి పసుపుపచ్చని చొక్కా నిచ్చు ఆచారము మొదలయ్యెను. ఆ చొక్కాను తొట్టతొలుత తొడిగినవాడు ఈ క్రిస్టోఫే. ఆ యేడును అతని ఫోర్కు విఱిగెను, గెలుపు చేజాఱెను. సత్తువ లేక యోడినవాడు కాడతడు. రెండుమార్లును అతని నోడించినది ఒక ఇనుపగొట్టము.

ఇటలీ దేశమున తుల్లియో కంపాన్యోలో అను నతని కథ వేఱొకటి. 1927 నవంబరులో ఒక పందెమున మంచు కురియుచుండగా కొండపై చక్రము విప్పబోయి, వ్రేళ్ళు కొంకర్లుపోయి, మర కదలక అతడు వెనుకబడెనని చెప్పుదురు. ఆ కష్టము నతడు మఱువలేదు. ఒక్క మీట త్రిప్పినంతనే చక్రము ఊడివచ్చు ఏర్పాటును కనిపెట్టి 1930లో హక్కు పొందెను. 1933లో విచెంజా పట్టణమున తన పేరిటనే కర్మాగారము పెట్టెను. నేడు ప్రపంచమున ఎన్ని సైకిళ్ళకు ఆ మీట యున్నదో లెక్కింప నలవికాదు. చలికి కొంకర్లుపోయిన వ్రేళ్ళనుండి ఒక పరిశ్రమ పుట్టినది.

యంత్రమును త్రోసిపుచ్చుటకు దేగ్రాంజ్ చేయని ప్రయత్నము లేదు. 1930లో సైకిలు కంపెనీల జట్లను తొలగించి దేశముల జట్లను పెట్టి, అందఱికిని ఒకే తీరున పసుపుపచ్చ రంగు వేసిన, కంపెనీ పేరులేని బండ్ల నిచ్చెను. గొలుసును ఒక పళ్ళచక్రము నుండి మఱియొక దానిపైకి జరుపు గేరుయంత్రము అప్పటికే సామాన్య జనులకు దొరకుచుండెను. పందెగాండ్రకు మాత్రము నిషిద్ధము. 1937లో గాని టూర్ ద ఫ్రాన్స్‌లో దానికి అనుమతి లభింపలేదు. సెలవునాడు షికారు పోవు గుమాస్తా గేరు మార్చుకొని కొండ నెక్కుచుండగా, దేశమెల్ల మెచ్చు వీరుడు దిగి చక్రము త్రిప్పుకొనుట వింతగాదా?

ఈ చరిత్రలో 1934 నాటి ఘట్ట మొకటి మాకు మిక్కిలి యిష్టమైనది. రెనే వియెత్తో అను ఇరువదేండ్ల యువకుడు కొండలెక్కుటలో అసమానుడు. అతని జట్టునాయకుడైన ఆంటొనిన్ మాన్య్ పిరనీస్ పర్వతములలో పడి చక్రము పాడుచేసికొనగా, వియెత్తో తన చక్రమును విప్పి యిచ్చి, తాను దారిప్రక్కన గోడపై కూర్చుండి సాయపుబండి కొఱకు వేచియుండెను. ఆ కన్నీటి ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. మఱునాడు నాయకునికి మరల ఆపద రాగా, తాను దిగివచ్చిన కొండను వెనుకకు త్రిరిగి యెక్కి వచ్చి సాయపడెను. ఆ యేటి పందెము మాన్య్ గెలిచెను. వియెత్తో ఐదవవాడు. అతడెన్నడును టూర్ గెలువలేదు. అయినను గెలిచిన పెక్కుమందికంటె అతని పేరే ఫ్రెంచివారి నాలుకలపై నెక్కువకాలము నిలిచినది.

ఇక నేటి బండిని చూతము. ఉక్కుగొట్టముల కాలము చాలకాలము నడచినది. ఇంగ్లండులోని రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన '531' అను గొట్టములు ఎందఱో విజేతల క్రింద నుండెను. తరువాత అల్యూమినియము వచ్చెను. దానివెనుక కార్బను నారయు జిగురును కలిపి అచ్చులో పోసిన ఫ్రేములు వచ్చినవి. 1986లో అమెరికా దేశీయుడగు గ్రెగ్ లెమాండ్ కార్బను ఫ్రేముపై టూర్ గెలిచెను. ఇప్పుడు వృత్తిజట్ల బండ్లన్నియు కార్బనువే. వెనుక పన్నెండు పళ్ళచక్రములు, ముందు సాధారణముగా రెండు. గేరు మార్చుటకు తీగ లేదు. బ్రేకు మీట దగ్గఱ మీట నొక్కినంతనే చిన్న విద్యున్మోటారు గొలుసును జరుపును. 2009 ప్రాంతమున జపానువారి షిమానో కంపెనీ దీనిని జట్లకు తెచ్చినది. మోటారు సైకిలునకు వలె డిస్కు బ్రేకులకు 2018లో పూర్తి యనుమతి లభించినది. పూర్వము సన్నని టైరే వేగవంతమని నమ్మిరి. గతుకుల రోడ్డుపై కొంచెము వెడల్పైన టైరే తక్కువ శక్తిని మ్రింగునని పరీక్షలవలన తేలినందున నేడు 28 మిల్లీమీటర్లు, అంతకు మించిన టైర్లు వాడుచున్నారు. వానిలో పెక్కింటికి ట్యూబులు లేవు. లోపల పోసిన జిగురుద్రవము చిన్న రంధ్రమును తనంతట పూడ్చును.

ఈ గేర్లు, బ్రేకులు మొదలగు భాగములను చేయు కంపెనీలలో పేరుమోసినవి మూడు: ఇటలీ కంపాన్యోలో, జపాను షిమానో, అమెరికా స్రామ్. షిమానో 1921లో సకాయి పట్టణమున ఒక చిన్న పనిశాలగా మొదలైనది. సకాయి పూర్వమునుండి కత్తులకు, తుపాకులకు ప్రసిద్ధికెక్కిన ఊరు. ఇనుము కాచి సాగగొట్టు నేర్పు ఆ యూరివారి రక్తముననే యున్నది. షిమానో తొట్టతొలి సరకు మన సైకిలు షాపులవారికి చిరపరిచితమైన ఫ్రీవీలు. నేటి జట్లలో ఎక్కువ భాగము షిమానో, స్రామ్ భాగములతోనే పందెమునకు దిగుచున్నవి. ఇట్టి బండి వెల మన రూపాయలలో పది లక్షలకు పైబడును.

అంత విలువగల బండి తనంతట నడువదు. ప్రతి జట్టునకు మెకానిక్కులు గలరు. రౌతులు భోజనముచేసి పరుండు వేళ, వీరు హోటలు బయట బండ్లను కడిగి, గొలుసునకు నూనె వేసి, టైర్లను వ్రేలితో తడవి గాజుముక్కలున్నవేమో చూచి, మరలన్నియు పరీక్షింతురు. పగలు జట్టు కారులో వెనుకనే వచ్చుచు, చక్రము పాడైనచో క్షణములలో మార్తురు. కారుపైన అదనపు బండ్లు వరుసగా నిలబడియుండును. ఒకప్పుడు కొలిమితిత్తి నూదిన బాలునివలన శిక్ష పడినది. నేడు సాయము చేయువారు లేనిదే పందెమే లేదు. ఛాయాచిత్రములలో వీరి ముఖములు కనబడవు. మన ఊరి సైకిలు షాపులో ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగ వచ్చుచోటు వెదకు వానికిని వీరికిని విద్య యొక్కటే.

బండి బరువునకు అంత ప్రాముఖ్య మేల? కొంచెము లెక్క వేసి చూతము. రౌతు బరువు 63 కిలోలు, బండి 7 కిలోలనుకొందము, మొత్తము 70. నిటారైన కొండను గంటసేపు ఎక్కవలెనన్నచో, శ్రమలో అధికభాగము బరువును పైకి మోయుటకే చెల్లును. ఒక కిలో తగ్గినచో ముప్పావు నిమిషమునకు పైగా కలిసివచ్చును. మన యిండ్లలోని పెద్ద సైకిలు 20 కిలోలనుకొన్నచో, అదే మనిషి అదే సత్తువతో అదే కొండ నెక్కుటకు పదునొకండు నిమిషములు ఎక్కువ పట్టును. చదునునేలపై బరువుకంటె గాలియే శత్రువు. వేగము రెట్టింపైనచో గాలి అడ్డగింత నాలుగింతలగును. దాని నెదుర్చు శక్తి ఎనిమిదింతలు కావలెను. అందుకే వంగి కూర్చుందురు, ఒకరి వెనుక ఒకరు నక్కి పోవుదురు. 1989లో టూర్ కడపటి దినమున వెర్సాయి నుండి పారిస్ వఱకు 24.5 కిలోమీటర్లు ఒంటరిగా త్రొక్కవలసి యుండెను. గ్రెగ్ లెమాండ్ అప్పటికి 50 సెకండ్లు వెనుకబడియున్నాడు. చేతులు ముందునకు చాచి మోచేతులు ఆనించు క్రొత్తరకపు హేండిలును అతడు తగిలించుకొనెను. ముందున్న ఫ్రెంచివాడు లొరాన్ ఫిన్యో పాత హేండిలుతోనే, టోపీ లేక, జుట్టు ముడి గాలికి ఎగురుచుండగా త్రొక్కెను. మూడు వారములు, మూడువేల రెండువందల కిలోమీటర్లకు పైగా సాగిన యా పందెమున లెమాండ్ 8 సెకండ్ల తేడాతో గెలిచెను.

ఈ సంగతులు మేము తరగతిలో చెప్పినప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, బండి మంచిదైతేనే గదా వాళ్ళు గెలిచేది? అట్లాంటిది మాకిస్తే మేమూ గెలవమా?" అని యడిగెను. పిల్లలందఱును నవ్విరి, మేము నవ్వలేదు. ఆ ప్రశ్న సైకిలును గూర్చి మాత్రమే కాదని మాకు తోచినది. అంతకు రెండు వారములకు ముందే వాని మిత్రు డొకడు మన పాఠశాల విడిచి వేఱు మాధ్యమమున చేరెను. తెలుగులో చదివినవారు వెనుకబడుదురనియు, ఇది పాతకాలపు బరువుబండి యనియు ఆ యింటివారు చెప్పుకొనిరి. ఏడాది కేడాది మన తరగతులలో బల్లలు ఖాళీ యగుచుండుట అందఱము చూచుచున్నదే.

ఆ బాలునికి చక్కని సమాధానము క్రిస్ బోర్డ్‌మన్ అను ఆంగ్లేయుని జీవితమున గలదు. అతడు వృత్తిజట్టున రోడ్డు పందెములు త్రొక్కినవాడే. ఒక గంటలో ఎంతదూరము పోగలరను పరీక్షలో 1996న అత్యాధునికమైన బండిపై, చేతులు పూర్తిగా చాచి, 56.375 కిలోమీటర్లు పోయెను. తరువాత అంతర్జాతీయ సంఘమువారు, 1972లో బెల్జియము వీరుడు ఎడ్డీ మెర్క్స్ వాడినట్టి గొట్టపుఫ్రేము, పుల్లలచక్రములు, వంపుహేండిలు గల బండిపైననే ఈ పరీక్ష జరుగవలెనని నియమము చేసిరి. 2000 అక్టోబరులో బోర్డ్‌మన్ అట్టి బండి నెక్కి మెర్క్స్ పోయిన 49.431 కిలోమీటర్లకు మించి ఎంత పోయెనో తెలియునా? 49.441. పది మీటర్లు మాత్రమే. నాలుగేండ్ల వయస్సు పెరిగిన మాట నిజమే. మెర్క్స్ పలుచని గాలిగల మెక్సికో నగరమున త్రొక్కిన మాటయు నిజమే. అయినను ఆ యేడు కిలోమీటర్లలో అధికభాగము యంత్రమును, దానిపై కూర్చుండు భంగియు ఇచ్చినవే. తక్కిన నలుబదితొమ్మిది కిలోమీటర్లు మనిషివి. సాధన లేని సామాన్యుని ఆ 1996 నాటి బండిపై కూర్చుండబెట్టినచో గంటకు నలుబది కిలోమీటర్లును సాగడు.

కావున యంత్రము లెక్కలోనిది కాదని పిల్లలకు చెప్పుట అసత్యము. అది కలవారు లేనివారికి చెప్పు ఓదార్పు. మేము ఉపాధ్యాయ శిక్షణమునకై పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు, అచ్చటి గ్రంథాలయమున తెలుగు పుస్తకములు బీరువాలకొలది చూచితిమి. ఇచ్చట మనకున్నది ఒక్క బీరువా. కొన్ని యేండ్లలో పాఠ్యపుస్తకములు పాఠములు మొదలైన పిమ్మట గాని చేతికి రావు. అచ్చటి బాలుడును ఇచ్చటి బాలుడును ఒకే తెలివిగలవారైనను, ఇరువది కిలోల బండిపై కొండ నెక్కువానికి పదునొకండు నిమిషములు ఆలస్యమగును. అది వాని కాళ్ళ దోషము కాదు. ఆ లోపమును తీర్చుట పెద్దలమైన మన పని. అడుగవలసినచోట అడుగుదము, వ్రాయవలసినచోట వ్రాయుదము, ఇంటనున్న మంచి పుస్తకమును బడికి తెచ్చి యిత్తము. అంతర్జాతీయ సంఘమువారు 2000 నుండి పందెపు బండి 6.8 కిలోలకు తగ్గరాదని నియమించిరి. దానికి కారణము భద్రత మాత్రమే కాదు; ధనము గలవాడు బండిని మితిలేక తేలికపఱచి పందెమును కొనివేయకుండుటయు. న్యాయమైన పందెము దానంతట అది ఏర్పడదు. దానిని మనుష్యులు నియమములతో ఏర్పఱుపవలెను.

కాని యంత్రమే సర్వమనుటయు అసత్యమే. స్కాట్లండు దేశీయుడగు గ్రేమ్ ఓబ్రీ 1993లో తన చేతులతో తయారుచేసికొన్న బండిపై ఆ గంట పరీక్షలోనే 51.596 కిలోమీటర్లు పోయి ప్రపంచమును దిగ్భ్రమపఱచెను. ఆ బండిలో బట్టలుతుకు యంత్రమునుండి తీసిన బేరింగు లుండెను. వాని యొద్ద కంపెనీ లేదు, మెకానిక్కులు లేరు. ఆలోచనయు, కాళ్ళును ఉండెను. మాతృభాషలో చదివినవానికి అట్టి ఆలోచన సులభముగా పుట్టునని మేము నమ్ముదుము; ఏలయన అడ్డము లేక అర్థమైన విషయమును గూర్చియే మనిషి క్రొత్తగా తలపోయగలడు. తెలుగు మన బరువు కాదు, మన కాళ్ళసత్తువ. బరువుగా నున్నది దానికి మనము అమర్చిన పాత సామగ్రి. ఇతర భాషలను నేర్వవలదని మేమనము. తమిళము మన ఇరుగుపొరుగు భాష. ఆంగ్లము దూరపుబాటకు గేరు. కొండను బట్టి గేరు మార్చుకొనుటలో సిగ్గు లేదు. గేరు మార్చుటకై కాళ్ళను తీసివేసికొనువాడు మాత్రము ఉండడు.

ప్రియ విద్యార్థులారా, మీ సైకిలును వారమున కొకమారైనను తుడిచి, గొలుసునకు నూనె వేసి, బ్రేకులు చూచుకొనుడు. దారిలో చైను పడిన తోటివాని కొఱకు ఆగుడు. అందువలన ఐదు నిమిషములు ఆలస్యమైనచో మేము కేకలు వేయము. తొమ్మిదవ తరగతి బాలుని ప్రశ్నకు మా సమాధానము ఇది: అట్టి బండి నీకిచ్చినచో నీవు గెలుతువో లేదో మేము చెప్పలేము. ఆ బండి నీకు దొరకునట్లు చేయుట మా వంతు. దొరకునాటికి త్రొక్కగల కాళ్ళను సిద్ధపఱచుకొనుట నీ వంతు.